మెట్ల మీద ఉప్పు

దిష్టి తీసిన ఉప్పును తీసుకెళ్ళి నాలుగు దారులు కలిసేచోట పారబోస్తారు కదా, మరి తెలియక దాన్ని తొక్కినవాడి గతేమిటి? పళ్ళక్కకు ఈ సందేహం పెద్దపిల్లాడు పుట్టిన ఏడాది మొదలైంది. పసివాడు పాలు తాగకుండా ఒకటే ఏడుపు. అత్తగారు రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు గుప్పిట పట్టి వాడి చుట్టూ తిప్పి, చీకటితో వెళ్ళి కూడలిలో పోసి వచ్చింది. వాడు హాయిగా నిద్రపోయాడు. కోడలికి మాత్రం నిద్ర పట్టలేదు.

"మన పిల్లాడి పీడ పోయి ఊళ్ళోవాళ్ళ పిల్లాడి మీద పడదా అత్తయ్యా?" అని అడిగింది తెల్లారాక.

అత్తగారు కాళ్ళు కడుక్కుంటూ, "దేవుడు కళ్ళెందుకిచ్చాడు? చూసుకుని నడవాలి," అంది.

ఆ జవాబుతో నోరు మూతపడింది కానీ సందేహం మూతపడలేదు. గుళ్ళో పూజారిగారిని అడిగితే ఆయన నవ్వి, చేతిలో ఇంత కుంకుమ పెట్టి, "ఇంటికెళ్ళి దీపం పెట్టుకో తల్లీ," అన్నాడు. పెట్టుకుంది. రోజూ పెట్టుకుంటూనే ఉంది. దేవుడి మీద ఆమెకు ఏనాడూ అనుమానం లేదు. మనుషులు ఆయన పేరు చెప్పి చేసే పనుల మీదే అప్పుడప్పుడూ.

పళ్ళక్క అంటే పెద్దాసుపత్రిలో కట్టుడుపళ్ళు తయారుచేసే మనిషి. మైనంలో చిగురు మలిచి, దానిలో పన్ను పక్కన పన్ను కూర్చి, బోసినోటి వాళ్ళకు మళ్ళీ జంతికలు కొరికే యోగం కల్పించడం ఆమె ఉద్యోగం. ఆ పనిలోనే కొత్త పద్ధతులు నేర్చుకురమ్మని ఆసుపత్రివాళ్ళు ఆమెను ఏడాదిన్నర చదువుకు పరాయిదేశం పంపారు. ఇద్దరు పిల్లలనూ అత్తగారికీ భర్తకూ అప్పజెప్పి విమానం ఎక్కింది. పళ్ళక్క అని పేరు పెట్టింది మాత్రం అక్కడ గదిలో ఆమెతో పాటు ఉండే లెక్కల చదువు పిల్ల. ఆ పిల్లకు పళ్ళక్క పెట్టిన పేరు వాగుడుకాయ. ఇద్దరిదీ ఒకే భాష. అయితే మాట్లాడే వంతు ఎప్పుడూ ఒకరిదే.

ఇల్లు దొరకడం ఒక భారతం. వంట వాసన అని ఒకరు, ఒంటరి ఆడవాళ్ళని ఇంకొకరు తలుపులు వేశారు. చివరికి ఒక ఇంటావిడ తన ఇంటి వెనకభాగం ఇచ్చింది. ఒక గది, ఇరుకు వంటిల్లు, పక్కసందులోకి తెరుచుకునే తలుపు, తలుపు ముందు మూడు రాతి మెట్లు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"నాకు గొడవలు పడవు. గొడవ రానంతకాలం ఉండండి. వస్తే ఆ నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

పళ్ళక్క ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఈ గది పోతే ఇంకో గది లేదు. గది లేకపోతే చదువు లేదు. చదువు మధ్యలో మానేసి వెళితే ఆసుపత్రిలో తలెత్తుకుని తిరిగేది లేదు.

మెల్లగా రోజులు అలవాటయ్యాయి. చెత్తను రంగు రంగు డబ్బాల్లో విడివిడిగా వేయడం వచ్చింది. ఎదురైన మనిషిని "భోజనమైందా?" అని అడిగితే ఆ మనిషి కంగారుగా గడియారం చూసుకోవడం గమనించి, అడగడం మానుకుంది. మధ్యాహ్నం దాటగానే చీకటి పడిపోతే, సంధ్యాదీపం ఏ వేళకు పెట్టాలో అర్థం కాక, "స్వామీ, నువ్వే సర్దుకో," అని కిటికీ దగ్గర చిన్న ప్రమిద వెలిగించేది. ఆ ప్రమిదతో కూడా భయమే. ఇంటి కప్పుకు పొగ పసిగట్టే యంత్రం ఒకటి అతికించి ఉంది.

ఆ యంత్రమే మొదటి శత్రుత్వం తెచ్చిపెట్టింది. వచ్చిన కొత్తలో ఒకరోజు పప్పులోకి తాలింపు వేసింది. ఎండుమిరపకాయ చిటపటమనగానే యంత్రం గావుకేక పెట్టింది. పెరట్లో సామాన్ల కొట్టు ఉంది, దాని మీద గదిలో ఒక బస్సు డ్రైవరు అద్దెకుంటాడు. తెల్లవారుజామున మొదటి బస్సు తీసేవాడు కాబట్టి పగలు పడుకుంటాడు. ఆ కేకకు లేచి, ఇనుప మెట్లు దడదడ దిగి వచ్చాడు. మూకుడు చూశాడు. పళ్ళక్కను చూశాడు. గట్టిగా తుమ్మాడు, మళ్ళీ తుమ్మాడు. కిటికీ తెరిచి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

"ఏమైనా తిట్టాడా?" అంది అత్తగారు ఫోనులో.

"లేదు."

"అయ్యో! తిట్టేవాడు మంచివాడే. కడుపులో పెట్టుకునేవాడితోనే జాగ్రత్త."

ఆ రోజు నుంచి డ్రైవరు కనబడితే పళ్ళక్క కళ్ళు దించుకుని పక్కకు తప్పుకునేది. అతనికి యాభై దాటి ఉంటాయి. నల్ల కోటు, గుబురు కనుబొమలు, ఏదో నములుతున్నట్టు ఎప్పుడూ కదిలే పెదవులు. కడుపులో ఎంత పెట్టుకున్నాడో పైకి ఏమీ తెలిసేది కాదు.

చలికాలం వచ్చింది. పళ్ళక్క ఎరిగిన చలి, దుప్పటి కప్పుకుంటే పోయే చలి. ఇది అలాంటిది కాదు, ఎముక లోపలికి దూరి అక్కడే కాపురం పెట్టే రకం. అలాంటి ఒక తెల్లవారుజామున, కాలేజీకి బయల్దేరదామని తలుపు తీసి కాలు బయట పెట్టబోయి ఆగిపోయింది.

మూడు మెట్ల మీదా ఉప్పు. సన్న ఉప్పు కాదు, రాళ్ళ ఉప్పు. దాని మధ్యలో నల్లగా ఆవగింజల్లాంటివి.

పళ్ళక్క గుండె జారి పాదాల్లోకి వచ్చింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గడప మీంచి ఒక్క దూకు దూకి, పక్కనున్న గడ్డి మీద పడి, వెనక్కి చూడకుండా నడిచింది.

"ఛ, చదువుకున్నదాన్ని, ఏమిటీ పిచ్చి!" అని దారిలో తనను తనే కసురుకుంది. కసురుకుంటూనే కూడలి చేరింది. అక్కడ, నాలుగు దారులు కలిసేచోట, రోడ్డుకు అడ్డంగా అదే ఉప్పు. గుప్పెడు కాదు, బస్తాలకు బస్తాలు పోసినట్టుంది.

'ఓరి నాయనో! ఈ ఊళ్ళో ఎంతమందికి దిష్టి తగిలిందో!' అనుకుంది పళ్ళక్క. ఒక విధంగా ధైర్యం కూడా వచ్చింది. దేశం వేరైనా మనుషులు ఒకటే, వీళ్ళకూ ఈ నమ్మకం ఉందన్నమాట. కానీ వెంటనే ఇంకో ఆలోచన తట్టింది. కూడలిలో పోసేవాళ్ళు కూడలిలో పోసుకోవాలి గానీ, మా మెట్ల మీద ఎందుకు పోయాలి?

ఉప్పు లేని చోటు వెతుక్కుంటూ రోడ్డు దాటబోయింది. నున్నగా మెరుస్తున్న ఆ చోట కాలు పెట్టీ పెట్టగానే సర్రున జారింది. ఎవరో పట్టుకోబట్టి పడలేదు కానీ నడుము పట్టేసింది. తొక్కకపోతేనే ఇలా ఉంది, తొక్కితే ఇంకెలా ఉండేదో అని మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

మర్నాడూ ఉప్పే. ఆ మర్నాడూ అంతే. పళ్ళక్క చీపురు తీసుకుని, చేటలోకి ఊడ్చి, సందు చివర మురుగుకాలవ మూత కన్నాల్లో పారబోసి వెళ్ళడం మొదలుపెట్టింది. చిత్రం ఏమిటంటే, ఊడ్చిన కొద్దీ మర్నాడు ఇంకా ఎక్కువ ఉప్పు ఉండేది. మొదట్లో చిలకరించినట్టు ఉండేది, పోను పోను దోసిళ్ళతో పోసినట్టు.

వాగుడుకాయకు ఈ సంగతి చెప్పలేదు. ఆ పిల్ల లేచేసరికి మెట్లు శుభ్రంగా ఉండేవి. పైగా ఇలాంటివి నోటితో అంటే బలం పెరుగుతుందంటారు. ఒకసారి మాత్రం నెమ్మదిగా కదిపి చూసింది.

"నీకు దిష్టి మీద నమ్మకం ఉందా?"

"మనకెందుకు తగులుతుందక్కా దిష్టి?" అంది వాగుడుకాయ ముసుగులోంచి. "నీ మొహం అద్దంలో చూసుకున్నావా ఈ మధ్య? నా జుట్టు చూశావా? మనల్ని చూస్తే దిష్టే భయపడి పారిపోతుంది."

పోసేది ఎవరో తెలుసుకోవాలని ఒకరోజు ముందే లేచి, దీపం వెయ్యకుండా తెరచాటున నిలబడింది. ఇనుప మెట్లు చప్పుడయ్యాయి. డ్రైవరు. ఒక చేతిలో బకెట్టు. మెట్ల దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూశాడు. వంగి, శుభ్రంగా ఉన్న మెట్టును వేలితో రాసి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఎడమచేత్తో గుప్పెడు తీసి విసిరాడు, మళ్ళీ విసిరాడు. విసురుతున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎడమచెయ్యి! మంత్రం! పళ్ళక్కకు చెమట పట్టింది, ఆ చలిలో. అతను వెళ్ళాక తలుపు సందులోంచి తొంగి చూసింది. అతని ఇనుప మెట్ల మీద ఒక్క గింజ లేదు. ముందువైపు ఇంటావిడ వాకిట్లోనూ లేదు. ఉన్నదంతా తమ మూడు మెట్ల మీదే.

ఇక అనుమానం ఏముంది? ఎక్కడ ఏది చెడినా కారణం కళ్ళ ముందే ఉంది. కంటి మీద కురుపు లేచింది, ఉప్పు. బస్సు తప్పింది, ఉప్పు. కాలేజీలో కట్టుడుపళ్ళ అచ్చులు వరసగా పాడయ్యాయి, అదీ ఉప్పే. గులాబీరంగు పొడిని ద్రవంలో కలిపి, ముద్ద చేసి, అచ్చులో నొక్కి, నీళ్ళలో నిదానంగా ఉడకబెట్టాలి. మంట పెంచితే చిగురు నిండా బుడగలు పడతాయి, పులిసిన అట్టులాగా. ఇంటిదగ్గర కళ్ళు మూసుకుని చేసే పని. ఇక్కడ రెండుసార్లు బుడగలే.

"మీ చేతిలో లోపం లేదు," అంది పని నేర్పే ఆవిడ ఆ చిగురును వెలుతురులోకి ఎత్తిపట్టి. "మీ ధ్యాస ఇక్కడ లేదు. ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"ఏమీ లేదండీ," అంది పళ్ళక్క. ఏమని చెబుతుంది? మా మెట్ల మీద ఉప్పు పోస్తున్నారని చెబితే, ఈవిడ కూడా గడియారం చూసుకుంటుంది.

చివరికి అత్తగారికి చెప్పింది. ఆవిడ వింటూ ఊఁ కొట్టడం మానేసిందంటే విషయం ముదిరిందన్నమాట.

"ఉత్తినే ఊడిస్తే చాలదమ్మాయ్. శుక్రవారం పొద్దున్నే లేచి ఊడ్చి, పసుపునీళ్ళతో మెట్లు కడుగు. పసుపు చిటికెడు కాదు, దండిగా వెయ్యి. కడిగి వెనక్కి చూడకుండా వెళ్ళిపో. ఎవడు పోశాడో వాడికే తగులుతుంది."

"వాడికే తగలాలని నేను కోరుకోవడం తప్పు కాదా అత్తయ్యా?"

"నువ్వేం కోరుకోకు. నీళ్ళు పొయ్యి. కోరుకునే పని పసుపు చూసుకుంటుంది."

శుక్రవారం నాటి చలి గురించి రేడియోలో ముందురోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. పళ్ళక్క చీకటితో లేచి తలస్నానం చేసి, దీపం పెట్టి, బకెట్టు నీళ్ళలో రెండు గుప్పిళ్ళ పసుపు కలిపింది. మెట్ల మీద అంతకు ముందెన్నడూ లేనంత ఉప్పు. ఒక్క గింజ మిగలకుండా ఊడ్చి పారబోసింది. నిండు మనసుతో గోవిందా అని, మూడు మెట్లూ తడిసేలా పసుపునీళ్ళు పోసి, వెనక్కి చూడకుండా వెళ్ళింది. ఆ రోజు కాలేజీలో చిగురు ఒక్క బుడగ లేకుండా అద్దంలా వచ్చింది. పొంగిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సందులో గొడవ. ఇంటావిడ కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు. డ్రైవరు ఇనుప మెట్ల కింద నిలబడి ఉన్నాడు. వాగుడుకాయ తలుపు దగ్గర, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని.

"మీటరు చూద్దామని వచ్చాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టానో లేదో ఎగిరి పడ్డాను," అంటోంది ఇంటావిడ. "ఉప్పు పోసే షరతు మీదే కదా నీకు అద్దె తగ్గించాను?"

"పోశాను. రోజూ పోస్తున్నాను. ఇవాళ రెండింతలు పోశాను."

"పోస్తే మంచు కరగదా? అది కూడా కాదు, ఆ రంగు చూడు! పచ్చగా! రాత్రి తాగొచ్చి నా మెట్ల మీద నిలబడి..." ఇంటావిడ మాట పూర్తి చేయలేక ముక్కు మూసుకుంది. "ఛీ! ఇన్నేళ్ళు నిన్ను మర్యాదస్తుడివి అనుకున్నాను."

"నేను తాగను. మీకు తెలుసు."

"నాకేం తెలుసు? నువ్వు మాట్లాడితే కదా ఏదైనా తెలిసేది? నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి."

డ్రైవరు ఏదో అనబోయి, అనకుండా, ఇనుప మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పళ్ళక్క మెట్ల వంక చూసింది. మూడు మెట్ల మీదా పలకలా మంచు బిగుసుకుని ఉంది. దాని అడుగున తను కలిపిన పసుపు. మంగళకరమైన పసుపు, పెళ్ళికూతురికి రాసే పసుపు, ఇప్పుడు చూస్తే... రామరామ! ఇంటావిడ అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు.

లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.

"ఉప్పు పోస్తే మంచు కరుగుతుందా?"

"నీకు తెలీదా?" వాగుడుకాయ కళ్ళు పెద్దవి చేసింది. "మనుషులు జారిపడకుండా ఊరంతా పోస్తారు కదక్కా. రోడ్ల మీదయితే లారీతో పోస్తారు. ఉప్పూ, నల్ల ఇసకా కలిపి."

"నువ్వెప్పుడైనా చెప్పావా?"

"నువ్వెప్పుడైనా అడిగావా? సూర్యుడు తూర్పున పొడుస్తాడని కూడా నేను నీకు చెప్పలేదు."

"ఆయన మెట్ల మీద లేదే మరి? ఇంటావిడ వాకిట్లో లేదే?"

"ఆయనవి జాలీ మెట్లు, నీళ్ళు నిలవవు. ఆవిడ వాకిలికి పైకప్పు ఉంది. మన మెట్ల మీదే కదా చూరునీళ్ళు కారేది." వాగుడుకాయ ఆగింది. బకెట్టు వంక చూసింది, అడుగున అంటుకున్న పసుపు చూసింది. "అక్కా. ఏం చేశావు?"

చెప్పింది. మొత్తం చెప్పింది. వాగుడుకాయ నవ్వు ఆపుకోలేక దిండు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వు ఆగింది.

"నా మాట విని గమ్మునుండక్కా," అంది చివరికి. "ఆయన ఒక్కడు, మగాడు, ఉద్యోగం ఉంది. ఎక్కడైనా గది దొరుకుతుంది. మనల్ని ఈ చలికాలంలో ఎవరు రానిస్తారు? నీ చదువు సగంలో ఉంది."

అబద్ధం ఏముంది అందులో? ఆమె ముందు తన గది, తన చదువు ఒకవైపు ఉన్నాయి. మాట రాని మనిషి పరువు ఇంకోవైపు ఉంది. పళ్ళక్క ప్రమిద ముందు కూర్చుని దణ్ణం పెట్టబోతే చేతులు కలవలేదు. ఇన్నాళ్ళూ ఆ మనిషి తనకు కీడు పోస్తున్నాడని నమ్మింది. అతను పోసింది తను పడకూడదని. తను పోసింది ఎవరో పడాలని. ఎవరో ఏమిటి, అతనే పడాలని. కోరుకోలేదు అని చెప్పుకోవచ్చు. ఆ మాట దీపం ముందు అనడానికి నోరు రాలేదు.

భర్తకు ఫోను చేసింది. ఆయన మితభాషి. అంతా విని, "చెప్పెయ్యి," అన్నాడు.

"గది పోతే?"

"ముందు సామాను సర్దుకో. సర్దుకుని వెళ్ళి చెప్పు. అప్పుడు ఆవిడ పొమ్మన్నా నీకు పని తక్కువ ఉంటుంది."

ఆ సలహాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సామాను మాత్రం సర్దింది.

మర్నాడు శనివారం. పసుపు పొట్లం పట్టుకుని ముందువాకిలికి వెళ్ళి తలుపు తట్టింది. ఇంటావిడ ఎడమచేత్తో తలుపు తీసింది.

"మెట్ల మీద పచ్చగా ఉన్నది మీరనుకున్నది కాదండీ. ఇది." పళ్ళక్క ఒక గాజుగ్లాసు అడిగి, నీళ్ళలో చిటికెడు పసుపు వేసి కలిపి చూపించింది. "ఉప్పు ఊడ్చింది నేను. నీళ్ళు పోసింది నేను. ఆయన రోజూ పోశాడు, నేను రోజూ ఊడ్చాను."

ఇంటావిడ గ్లాసు వంక చూసింది. వాసన చూసింది.

"ఏమిటిది?"

"వంటలో వేసుకుంటాం. దెబ్బ తగిలితే రాస్తాం. పెళ్ళిలో రాస్తాం. గడపకు రాస్తాం."

"నా మెట్ల మీద ఎందుకు పోశావు?"

"మంచి జరగాలని."

"ఎవరికి?"

పళ్ళక్క గ్లాసు అడుక్కి దిగుతున్న పసుపు వంక చూసింది. ఇంటావిడ కట్టు కట్టిన చెయ్యిని బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఉప్పును చూసి భయపడ్డం ఎందుకని అడిగింది. పళ్ళక్క తనకు వచ్చిన భాషలో, రాని చోట చేతులతో, దిష్టి అంటే ఏమిటో, దాన్ని ఎలా దించుతారో, ఎక్కడ పారబోస్తారో చెప్పింది.

"అయితే దాన్ని తొక్కినవాడికి ఏమవుతుంది?" అంది ఇంటావిడ.

"అదే నాకూ తెలియదండీ. చాలా ఏళ్ళుగా అడుగుతున్నాను."

ఇంటావిడ నవ్వలేదు. ఎడమచేత్తో పసుపు పొట్లం మూతి మడిచి ఇచ్చేసింది.

"అతనికి నేను క్షమాపణ చెప్పుకోవాలి. అది నా పని. ఈ చెయ్యి బాగయ్యేదాకా ఈ ఇంటి మంచు ఎత్తడం, ఉప్పు పొయ్యడం, చెత్తడబ్బాలు బయట పెట్టడం నీ పని. ఆ తర్వాత నువ్వు ఉండొచ్చో లేదో చూస్తాను."

కట్టిన పెట్టె అలాగే మంచం కింద పెట్టి, పళ్ళక్క పార పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. అయితే ఒకటి, ఏ చోట ఎంత ఉప్పు వేస్తే ఎంతసేపట్లో మంచు చిట్లుతుందో ఆమెకు పట్టుబడింది. మైనం మెత్తబడే వేడి పట్టుబడినట్టే ఇదీ వేళ్ళకు తెలిసే పని. ఇంటావిడ కట్టు విప్పాక పొమ్మనలేదు, ఉండమని కూడా అనలేదు. మీటరు కాగితం ఇచ్చి వెళ్ళింది. ఆ ఇంట్లో ఉండమనడం అంటే అదే.

డ్రైవరు సంగతి వేరు. ఇప్పుడు అనుమానం అతని వంతు. పళ్ళక్క వెళ్ళి తప్పయిపోయిందని చెబితే, రెండడుగులు వెనక్కి వేసి విన్నాడు. పొద్దున్నే దిగేటప్పుడు ప్రతి ఇనుప మెట్టునూ వంగి చూసుకుని దిగేవాడు. పులిహోర చేసి పంపితే గిన్నె ముట్టకుండా వాగుడుకాయను అడిగాడట, "పచ్చగా ఉందేం? ఇందులోనూ అదే వేసిందా?" అని.

"ఏమన్నావే?"

"వేసింది, కానీ మీ మీద కోపం లేనప్పుడు వేసింది అన్నాను."

"నీ నోరు పడ!"

అత్తగారికి కూడా అంతా చెప్పింది. "పాపం, నోట్లో నాలుక లేని మనిషిలా ఉన్నాడు," అంది ఆవిడ. "ఒకసారి వాడికి దిష్టి తియ్యకూడదూ?"

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను."

అతను నోరు విప్పింది ఒక్కసారే, చెత్తడబ్బాల దగ్గర. ఉప్పు మాయమైపోతుంటే పావురాలు తినేస్తున్నాయనుకున్నాడట. చలికాలానికి ఇంటావిడ ఒక బస్తా ఇస్తుంది. ఈసారి అది చాలక అతనే ఇంకో రెండు బస్తాలు కొన్నాడట. లెక్క అడిగినట్టు కాదు, వానొచ్చింది అన్నట్టు చెప్పాడు. పళ్ళక్కకు మాత్రం ఒళ్ళు జలదరించింది. వాళ్ళ ఇంట్లో ఉప్పు ఒకరికి బాకీ పడకూడదు. ఏది బాకీ పడ్డా ఉప్పు పడకూడదు. డబ్బు ఇవ్వబోతే అతను జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. సరే, ఉప్పే ఇద్దామని ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్ళింది.

"అయిపోయిందండీ," అన్నాడు కొట్టతను. "చలి వెళ్ళిపోతోందిగా. మళ్ళీ వచ్చే చలికాలానికే."

అలా ఆ బాకీ ఎండాకాలమంతా ఆమె నెత్తి మీదే ఉంది. ఎండ వచ్చింది, గడ్డి పెరిగింది, పళ్ళ అచ్చులు ఒక్కొక్కటే కుదిరాయి. డ్రైవరు మెట్లు వంగి చూసుకోవడం మానేశాడు కానీ, పళ్ళక్క చేతిలో ఏదైనా గిన్నె కనబడితే నడక వేగం పెంచేవాడు.

ఆకులు రాలి, కొట్టు ముందు బస్తాలు దిగిన రోజునే పళ్ళక్క వెళ్ళి రెండు కొంది. ఒకటి చంకలో, ఒకటి ఈడ్చుకుంటూ బస్సు ఎక్కబోతే, నడిపేది అతనే. తలుపు తెరిచి బస్తాల వంక చూశాడు.

"ఎవరికి?"

"మీకే."

"డ్యూటీలో ఉండగా ఏమీ పుచ్చుకోకూడదు," అని రోడ్డు వంక చూస్తూ బస్సు కదిలించాడు.

పళ్ళక్క వాటిని ఇంటిదాకా మోసుకొచ్చి, ఇనుప మెట్ల దగ్గర నిలబడి ఎదురుచూసింది. అతను పని దిగి వచ్చాడు. అందుకుందామని చెయ్యి చాచాడు. పళ్ళక్క తల అడ్డంగా ఊపి, ఉప్పు చేతికివ్వకూడదు కాబట్టి, బస్తాను మొదటి మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. అతను దాని వంక, ఆమె వంక అనుమానంగా చూశాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి బస్తా మూతి కోశాడు. గుప్పెడు తీసి వెలుతురులో పట్టి చూశాడు. వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.

"ఉత్త ఉప్పేనా?"

"ఉత్త ఉప్పే."

"రంగేమీ లేదుగా?"

"లేదండీ. రెండోది కూడా విప్పి చూస్తారా?"

అతను ఆలోచించాడు. నములుతున్నట్టు కదిలే ఆ పెదవులు కాసేపు ఆగాయి.

"అక్కర్లేదు," అని రెండు బస్తాలూ రెండు భుజాల మీదికి ఎత్తుకుని మెట్లెక్కాడు.